అయిదు పేర్ల పిల్లి

పేనయితే పాకేది.
నల్లయితే చీకటి పడేదాకా ఆగేది.
ఇది మాత్రం, నేను రవికె గుడ్డ పరిచి
సుద్దబిళ్ళతో గీత గీస్తుంటే
గీత దాటి ఎగిరింది.
ఈ ఇంట్లో కుట్టేది నేనొక్కదాన్నే అనుకున్నాను అప్పటిదాకా.

మా అత్త గోమారి అంది.
మందుల షాపతను తెళ్ళుపూచ్చి అన్నాడు,
అని, కౌంటరు నుంచి ఒకడుగు వెనక్కి వేశాడు.
ఆ అడుగు చూశాక
ఇంకెవరికీ చెప్పకూడదనుకున్నాను.

కొరుక్కుపేట రైలు గేటు వెనక
ఒకే గోడకి వీపులానించిన అయిదు పోర్షన్లు.
మాది మూడోది.
మిషను, మంచం, మేం నలుగురం,
మధ్యలో, కొలతలిచ్చేవాళ్ళు నిలబడడానికి
రెండు పలకలంత చోటు.

ఆ చోట్లోనే తిలకవతి టీచరు
చేతులు చాచి నిలబడి,
నేను టేపు చుట్టేలోపల
ఎడమ కాలితో కుడి మడమ గోకింది.
ముప్పై రెండు, అన్నాను.
మళ్ళీ గోకింది.
ముప్పై నాలుగని రాశాను.

కళ్ళుప్పు చల్లాను. వేపాకు పొగ వేశాను.
చాపలు మేడమీద ఎండకి పడేశాను.
బొంతలు మరిగే నీళ్ళలో ముంచితే రంగు దిగి
పూర్ణి స్కూలు సాక్సులన్నీ గులాబీ అయ్యాయి.
మూడు రోజులు ఏమీ లేదు.
నాలుగో రోజు, చీపురు చప్పుడుకే నిద్ర లేచినట్టు
నా చీలమండల మీద
పోపు చిటపటలాడింది.

మా ఆయనకి గోడౌన్లో ఎవరో చెప్పారట:
రాత్రి నేలమీద సబ్బునీళ్ళ పళ్ళెం పెట్టి
పక్కన చిన్న దీపం ఉంచితే
ఆ వెచ్చదనానికి మోసపోయి దూకుతాయని.
పొద్దున చూస్తే పదిహేడు.
మర్నాడు పదకొండు.
కొలతల పుస్తకం వెనకపేజీలో రాసుకున్నాను,
రావలసిన బాకీల కింద.

నీళ్ళ లారీ ఆ వారం రాత్రి రెండింటికి వచ్చేది.
బిందెలు పట్టుకుని బయటికొచ్చి
చూద్దును గదా,
ప్రతి తలుపు కింది సందులోనూ
నేలబారున ఒక చిన్న వెలుగు.
గుల్నార్ ఇంట్లో. దేవకిరుబై ఇంట్లో.
ఎనిమిదికే లైట్లార్పి
కరెంటు బిల్లు మీద అందరికీ నీతులు చెప్పే
మునిరత్నంగారింట్లో కూడా.

లారీ పైపు దగ్గర నిలబడి
ఒకరి కాళ్ళు ఒకరం చూసుకున్నాం.
అన్నీ దద్దుర్లే.
ముందు నవ్విందెవరో తెలీదు.
మీకెన్ని, అని అడిగింది గుల్నార్.
పదిహేడు, అన్నాను.
మాకు నలభై, అంది, కాస్త గొప్పగానే.

అప్పుడు బయటపడింది పిల్లి సంగతి.
నేను మసి అని పిలిచి పాలు పోసేది,
గుల్నార్‌కి షెహజాదా,
దేవకిరుబైకి మిక్కీ,
చివరి పోర్షన్ పిల్లలకి పోలీసు,
మునిరత్నంగారికి ఒరేయ్.
అయిదిళ్ళ అన్నం తిని
అయిదిళ్ళకీ తేడా లేకుండా పంచిపెట్టిన ధర్మజీవి.

ఆదివారం అన్ని తలుపులూ ఒక్కసారే తెరిచాం.
చందా వేసి తెచ్చిన పొడి
గచ్చు పగుళ్ళలోకి, గుమ్మాల కిందకీ కూరాం.
ఒక్కింట్లో చంపితే పక్కింటికి నడుస్తాయి,
ఈ మాట ముందే ఒకరికొకరం చెప్పుకునుంటే
రెండు నెలల గోకుడు తగ్గేది.
మునిరత్నంగారు కళ్ళజోడు సర్దుకుని
పేలదువ్వెనతో పిల్లిని దువ్వుతూ
ఒక్కోదాన్నీ పేరుపెట్టి తిట్టి మరీ ముంచాడు.
పట్టుకున్న మా చేతులన్నీ గీతలు.
పిల్లి ఆ తర్వాత వారందాకా
ఏ పేరుకీ పలకలేదు.

నెలైంది.
జాకెట్టు వదులుగా ఉందని తెచ్చింది తిలకవతి టీచరు.
ఆ రెండంగుళాలూ ఎక్కడివో నేను చెప్పలేదు.
అదే చోట నిలబెట్టి మళ్ళీ కొలిచాను.
ఆమె కదల్లేదు.
టేపు పట్టుకున్న నేనే,
ఏదీ కుట్టకపోయినా,
వంగి మడమ గోక్కున్నాను.